ఆగిపోయిన మీటలు మళ్ళీ మోగిన కథ



నేను మామూలుగా నాయక రాజుల గురించో, మనవాళ్ళ వలసల గురించో, మన వీధుల పేర్ల గురించో రాస్తుంటానని మీకు తెలుసు. ఈసారి ఒక కంప్యూటర్ కీబోర్డు చరిత్ర రాస్తున్నాను. ఇదేమిటి, మదురై తెలుగువాళ్ళకూ దీనికీ ఏం సంబంధం అనుకోకండి. సంబంధం ఉంది. మన ఆదివారం తరగతి పిల్లలకు తెలుగు అక్షరాలు ముద్రించిన కీబోర్డులు కావాలని అడుగుతుంటే, దుకాణాల్లో వినిపించే జవాబు ఒకటే: అడిగేవాళ్ళు లేరు కాబట్టి సరుకు లేదు. తయారుచేసేవాళ్ళే లేని వస్తువును ఎలా తెచ్చుకోవాలి అన్నది మనకు ఎదురైన ప్రశ్న. ప్రపంచంలో ఇంకొందరికి ఇదే ప్రశ్న ఎదురైంది. వాళ్ళు ఏం చేశారో చెప్పడానికే ఈ వ్యాసం. కొంచెం పొడుగు, ఓపికగా చదవండి.

ముందు ఆ కీబోర్డు సంగతి.

1981 ఆగస్టు 12న ఐబీఎం కంపెనీ తన పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసింది. ఇవాళ మన ఇండ్లలో, ఆఫీసుల్లో ఉన్న కంప్యూటర్లలో చాలావాటికి అదే మూలపురుషుడు. దానితో వచ్చిన 83 మీటల కీబోర్డును మోడల్ ఎఫ్ అంటారు. అప్పటికి టైపు చేయడం అంటే టైపురైటరే. ఐబీఎం టైపురైటర్లకు కూడా పేరు తెచ్చుకుంది. 1961లో వచ్చిన సెలెక్ట్రిక్ యంత్రం మీద వేళ్ళు తిరిగిన గుమాస్తాలు కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు, మీట నొక్కగానే పని జరిగిందని వేలికి తెలియాలి, చెవికి వినిపించాలి. లేకపోతే ప్రతి అక్షరానికీ తెర వైపు చూసుకోవాల్సి వస్తుంది.

అందుకోసం రిచర్డ్ హంటర్ హారిస్ అనే ఐబీఎం ఇంజినీరు ఒక ఉపాయం కనిపెట్టాడు. దానికి 1978లో అమెరికా పేటెంటు వచ్చింది. ఉపాయం చాలా సాదా. ప్రతి మీట కింద ఒక సన్నని చుట్టల స్ప్రింగు ఉంటుంది. వేలు నొక్కేకొద్దీ స్ప్రింగు బిగుసుకుంటూ పోయి, ఒక చోట ఉన్నట్టుండి పక్కకు వంగిపోతుంది. ఆ వంగడమే మనకు 'టక్' మని వినిపిస్తుంది. అదే క్షణంలో స్ప్రింగు అడుగున ఉన్న చిన్న ప్లాస్టిక్ రెక్క ఊగుతుంది. దాని కింద ఉన్న సర్క్యూటు పలక మీద విద్యుత్తు నిలవలో వచ్చే మార్పును యంత్రం కనిపెట్టి, ఫలానా అక్షరం పడిందని గుర్తిస్తుంది. చప్పుడు వినిపించడం, వేలికి తెలియడం, అక్షరం పడడం మూడూ ఒక్కసారే. లోహాలు ఒకదానికొకటి తగిలి రాసుకునే పని లేదు కాబట్టి అరుగుదలా తక్కువే. ఒక్కో మీట 10 కోట్ల సార్లు నొక్కినా చెడదని లెక్క చెప్పేవారు. లోపల ఇనుప పలకలు ఉండడంతో ఎత్తి చూస్తే ఇంట్లో ఇత్తడి బిందె ఎత్తినట్టే ఉంటుంది.

బ్యాంకు కౌంటర్లలో పనిచేసిన 4704 అనే టెర్మినల్‌కు కూడా ఇదే రకం కీబోర్డులు చేశారు. వాటికి పైకప్పు కూడా లోహమే. 62 మీటలవి, 77 మీటలవి ఉండేవి. మేజా మీద తక్కువ చోటు తీసుకునే ఈ చిన్నవాటి పేరు తర్వాత మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఇంత మంచి వస్తువు ఎందుకు ఆగిపోయింది? ఖర్చు వల్ల. కంప్యూటర్ ధర తగ్గుతూ ఉంటే కీబోర్డు మాత్రం బరువుగా, ఖరీదుగా ఉంటే ఎలా? 1985 ప్రాంతంలో ఐబీఎం మోడల్ ఎం అనే దాన్ని తెచ్చింది. స్ప్రింగు అదే, చప్పుడు అదే. కానీ కింద ఉన్న ఖరీదైన సర్క్యూటు పలక పోయి పల్చటి ప్లాస్టిక్ పొరలు వచ్చాయి. పలకలను కలిపి పట్టడానికి ప్లాస్టిక్ బొడిపెలు వచ్చాయి. దీనికీ మంచి పేరే వచ్చింది. కానీ మోడల్ ఎఫ్ తయారీ క్రమంగా ఆగిపోయింది. తర్వాత వచ్చిన కంపెనీలు ఇంకా చౌకగా, స్ప్రింగే లేకుండా రబ్బరు బుడిపెలతో చేశాయి. 1991లో ఐబీఎం ఆ విభాగాన్ని లెక్స్‌మార్క్ పేరుతో విడదీసింది. 1996లో లెక్స్‌మార్క్ కూడా వదిలేస్తే, కెంటకీ రాష్ట్రంలో యూనికాంప్ అనే చిన్న కంపెనీ ఆ అచ్చులు కొనుక్కుని మోడల్ ఎం‌ను కొనసాగించింది. మోడల్ ఎఫ్‌కు ఆ అదృష్టం కూడా దక్కలేదు.

ఇక్కడ ఒక్క మాట ఆలోచించండి. మోడల్ ఎఫ్ బాగాలేదని ఎవరూ అనలేదు. దాన్ని ఇష్టపడేవాళ్ళు లేకుండా పోలేదు. అమెరికాలో ఒకరు, జర్మనీలో ఒకరు, జపానులో ఒకరుగా చెదిరి ఉన్నారు. కంపెనీ లెక్కల్లో చెదిరిన మనుషులు కనబడరు. లెక్కకు రానివాళ్ళ కోసం ఏ ఫ్యాక్టరీ నడవదు.

ఈ మాట చదువుతుంటే మీకు ఇంకేదో గుర్తుకొస్తోంది కదా? నాకూ అదే.

మన వైపు చూద్దాం. మదురైలో టైపు నేర్చుకోని మధ్యతరగతి ఇల్లు ఒకప్పుడు అరుదు. సాయంత్రం టైపు ఇన్‌స్టిట్యూట్ ముందు నుంచి నడిస్తే వడగళ్ళ వాన కురిసినట్టు వినిపించేది. మన పిల్లలు లోయర్, హయ్యర్ పరీక్షలు రాసి ఉద్యోగాల్లో చేరారు. ఏ భాషలో? ఇంగ్లీషులో, తమిళంలో. తమిళానికి 1930లలోనే యాళ్ప్పాణంలో పుట్టిన ఆర్. ముత్తయ్య టైపురైటర్ అమర్చిపెట్టి, జర్మనీలో తయారు చేయించారు. తెలుగు టైపురైటర్లూ వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1966లో అధికార భాషా చట్టం, 1974లో వావిలాల గోపాలకృష్ణయ్యగారు అధ్యక్షులుగా అధికార భాషా సంఘం వచ్చాక, అక్కడి కచేరీలకు అవి కావలసివచ్చాయి. గుడి, కొమ్ము, ఒత్తు ఒక్కొక్కటీ విడివిడిగా కొట్టి అక్షరాన్ని కూర్చుకోవాల్సిన ఆ యంత్రం మీద పనిచేయడం ఒక విద్య. కానీ అది సర్కారు కొనే వస్తువు. ఆ సర్కారుకు బయట ఉన్న మన దాకా రావలసిన అవసరం దానికి లేదు.

టైపురైటరే పోయింది తర్వాత. మన దేశంలో 1955 నుంచి టైపురైటర్లు చేసిన గోద్రెజ్ 2009లో తయారీ ఆపేసింది. 2011లో మిగిలిన చివరి యంత్రాలు అమ్ముడవుతున్నాయని పత్రికల్లో వచ్చినప్పుడు చాలామంది పెద్దవాళ్ళు సొంత మనిషి పోయినట్టు బాధపడ్డారు.

కంప్యూటర్ కాలంలో టైపురైటర్ చేతివాటాన్ని కాపాడిన కీబోర్డు ఒకటి మన ఊరి పేరుతో ముడిపడి ఉంది. 1911లో మదురైలో మొదలైన టీవీఎస్ కుటుంబ సంస్థల్లో ఒకటి టీవీఎస్ ఎలక్ట్రానిక్స్. వాళ్ళ 'గోల్డ్' కీబోర్డు డీటీపీ చేసేవాళ్ళకు, కోర్టుల దగ్గర టైపు కొట్టేవాళ్ళకు, బిల్లులు వేసేవాళ్ళకు బాగా తెలుసు. దానిలో జర్మనీకి చెందిన చెర్రీ కంపెనీ నీలిరంగు స్విచ్చులు ఉండేవి, నొక్కితే టక్కుమనేవి. 2010 జూలైలో రూపాయి గుర్తును కేంద్రం ఆమోదించాక, ఆ గుర్తును మీట మీద ముద్రించిన కీబోర్డు కూడా వాళ్ళు తెచ్చారు. కొనేవాళ్ళు దేశమంతా ఉన్నారని తెలిస్తే ఒక మీట మీద కొత్త గుర్తు వేయడం కంపెనీకి పెద్ద పని కాదు. మన తెలుగు అక్షరాలకు అడ్డం వస్తున్నది యంత్రం కాదు, లెక్క.

ఇప్పుడు అసలు కథ. మోడల్ ఎఫ్‌ను ఇష్టపడేవాళ్ళు ముందు పాతవాటిని వెతకడం మొదలుపెట్టారు. మూతపడ్డ ఆఫీసుల గోదాములు, పాత ఇనుము కొట్లు, వేలంపాటలు. దొరికినవి మురికిపట్టి ఉండేవి. లోపలి పలకల మధ్య ఉన్న స్పాంజి పొర ముప్పై ఏళ్ళకు పొడి పొడిగా రాలిపోయేది. వాళ్ళు మరమేకులు విప్పి, తుప్పు గీకి, కొత్త పొర కోసి వేసేవారు. పాత కీబోర్డు కొత్త కంప్యూటర్‌తో మాట్లాడదు కాబట్టి, ఎక్స్‌వాట్సిట్ అనే మారుపేరుతో ఒకాయన చిన్న యూఎస్‌బీ సర్క్యూటు తయారుచేసి, దాని వివరమంతా అందరికీ పంచాడు. ఎవరికి తెలిసింది వాళ్ళు ఇంకొకరికి చెప్పారు. మన ఇళ్ళలో పాత వీణకు మెట్లు కట్టించినట్టు, ఒక్కొక్కటిగా బాగుచేసుకున్నారు.

కానీ పాతవి ఎన్ని ఉంటాయి? బ్యాంకు టెర్మినళ్ళ చిన్న కీబోర్డులైతే మరీ అరుదు. సేకరించేవాళ్ళ మధ్య వాటి ధర వందల డాలర్లు దాటిపోయింది. అప్పుడు 2010ల మధ్యలో న్యూయార్కుకు చెందిన ఒక ఔత్సాహికుడు ఒక ప్రశ్న వేశాడు: పాతవాటి కోసం ఒకరితో ఒకరు పోటీ పడే బదులు, అందరం కలిసి కొత్తవి చేయించుకుంటే?

ఆయన పాత 62, 77 మీటల కీబోర్డులను విప్పి ప్రతి ముక్కనూ కొలిచాడు. చైనాలో ఫ్యాక్టరీలు వెతికాడు. స్ప్రింగులు, రెక్కలు, గొట్టాలు, లోహపు పైకప్పు, సర్క్యూటు అన్నీ మళ్ళీ మొదటినుంచి చేయించాలి. ఆయన వెనుక కంపెనీ లేదు, బ్యాంకు అప్పు లేదు. ఉన్నది ఒక్కటే, ఉమ్మడి కొనుగోలు.

ఉమ్మడి కొనుగోలు ఎలా జరుగుతుందో చెప్తాను. ముందు, ఇది ఎవరెవరికి కావాలి అని అడుగుతారు. అది డబ్బు కాదు, మాట మాత్రమే. తర్వాత నమూనా ఒకటి చేయించి అందరికీ చూపిస్తారు. ఆ తర్వాత గడువు పెట్టి డబ్బు తీసుకుంటారు. ఫ్యాక్టరీ 'కనీసం ఇన్ని' అంటుంది కాబట్టి ఆ సంఖ్య చేరితేనే పని మొదలవుతుంది. చేరకపోతే డబ్బు వెనక్కి ఇవ్వాలి. వస్తువు వచ్చాక పంచుతారు.

లెక్క చూడండి. ఉదాహరణకు ఒక అచ్చు చేయించడానికి 5 లక్షల రూపాయలు అవుతుందనుకుందాం. 50 మంది ఉంటే తలా 10,000 అచ్చుకే పోతుంది. 1000 మంది ఉంటే తలా 500. అచ్చు అదే, ఇనుము అదే. మారింది కూడిన మనుషుల సంఖ్య ఒక్కటే. చీటీలు వేసే మన ఆడవాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. ఒక్కరి దగ్గర లేని మొత్తం పదిమంది కలిస్తే పుడుతుంది. చీటీ పాడేవాళ్ళ మీద నమ్మకమే దానికి పెట్టుబడి.

నమ్మకం అన్నాను కాబట్టి కష్టం కూడా చెప్పాలి. మోడల్ ఎఫ్ కొత్త కీబోర్డులు అనుకున్నంత త్వరగా రాలేదు. డబ్బు కట్టినవాళ్ళు ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. ఒక ముక్క కొలత తప్పితే మళ్ళీ చేయించాలి, పైపూత సరిగా రాకపోతే మళ్ళీ పంపాలి. ఆ కాలమంతా ఆ మనిషి పని ఎక్కడిదాకా వచ్చిందో ఫొటోలతో సహా చెబుతూనే ఉన్నాడు. అందుకే జనం నిలబడ్డారు. ఇలాంటి ఉమ్మడి కొనుగోళ్ళలో డబ్బు తీసుకుని మాయమైనవాళ్ళూ ఉన్నారు, అదీ మరచిపోకూడదు. పద్ధతి మంచిదే, కానీ లెక్క తెరిచి పెట్టినప్పుడే మంచిది.

చివరికి వస్తువు వచ్చింది. దశాబ్దాల క్రితం ఆగిపోయిన స్ప్రింగు మళ్ళీ టక్కుమంది. ఇంకో మేలు కూడా జరిగింది, నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. కొత్తగా చేసిన స్ప్రింగులు, రెక్కలు పాత కీబోర్డులకు కూడా సరిపోయాయి. కొత్తది పుట్టినందువల్ల, అటక మీద పడి ఉన్న పాతవాటికీ విడిభాగాలు దొరికాయి.

ఇది అమెరికా వాళ్ళు కనిపెట్టిన పద్ధతి అనుకుంటే మన చరిత్రను మనం మరచిపోయినట్టే. రాతకు ఖర్చు ఎవరు పెడతారు అన్న ప్రశ్నకు మన ఊళ్ళో మొదటి జవాబు రాజు. విజయరంగ చొక్కనాథుడి కాలంలో, అంటే 18వ శతాబ్దం మొదట్లో, మదురై కొలువులో తెలుగు వచనం వికసించింది. రాజు స్వయంగా రాశాడు. సముఖము వెంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతాన్ని వచనంగా రాశాడు. తాటాకు, గంటం, రాసేవాడి జీతం అన్నిటికీ కొలువే ఆధారం. 1736లో నాయకుల పాలన ముగిసింది, ఆ ఆధారమూ పోయింది.

రెండో జవాబు చందాదారులు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, మరికొందరు కలిసి విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. శాస్త్రం, చరిత్ర తెలుగులో రావాలంటే రాజు కోసం ఎదురుచూడలేదు, ముందుగా చందాదారులను కూడగట్టారు. పుస్తకం రాకముందే పాఠకుడు తన మాట ఇచ్చాడు. ఇది ఉమ్మడి కొనుగోలు కాక మరేమిటి? మన మదురైలోనే 1901లో పాండిత్తురై దేవర్ తమిళ సంగం స్థాపించారు. పక్కింటివాళ్ళు తమ భాష కోసం ఎలా కూడారో మనం కళ్ళారా చూస్తూ పెరిగాం.

ఇక మన కీబోర్డు. తెలుగుకు ప్రామాణికమైన మీటల అమరిక ఉంది, కొత్తగా కనిపెట్టనక్కరలేదు. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ ఇన్‌స్క్రిప్ట్ అనే అమరికను ఖరారు చేసింది. అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు. భారతీయ లిపులన్నిటికీ ఒకే పద్ధతి. ఇంగ్లీషు 'కె' ఉన్న మీట మీద తెలుగులో క, హిందీలోనూ క. షిఫ్ట్ పట్టుకుని అదే నొక్కితే ఖ. 1999లో తమిళనాడు ప్రభుత్వం ఆమోదించిన తమిళ్99 అమరిక వేరైనా, దానిలోనూ అచ్చులు ఎడమన, హల్లులు కుడిన. కాబట్టి తమిళ్99 నేర్చిన మన పిల్లలకు ఈ పద్ధతి వింతగా ఉండదు.

'అమ్మ' అని కొట్టి చూపిస్తాను. షిఫ్ట్‌తో 'డి' నొక్కితే అ. 'సి' నొక్కితే మ. ఊరికే 'డి' నొక్కితే పొల్లు. మళ్ళీ 'సి' నొక్కితే మ. మ, పొల్లు, మ కలిసి తెర మీద మ్మ అవుతుంది. గమనించారా? ఒత్తు ఎలా పుడుతుందో వేళ్ళే పిల్లవాడికి నేర్పేస్తాయి. ఇంగ్లీషు అక్షరాలతో అమ్మ అని కొట్టి యంత్రాన్ని తెలుగులోకి మార్చమంటే ఈ పాఠం అందదు.

మన స్థితిలో దీని విలువ ఎక్కువ. 2006 తమిళ అభ్యసన చట్టం తర్వాత ఒకటో తరగతి నుంచి ఒక్కో ఏడూ పెరుగుతూ పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అయింది. తమిళం మన బిడ్డలకు కావాలి, అది మన ఊరి భాష, దానితో పేచీ లేదు. కానీ తెలుగు లిపి నేర్పే బరువు బడి నుంచి చాలావరకు ఇంటిమీదికి, సంఘం మీదికి వచ్చింది. ఇంట్లో 'ఏంరా, బువ్వ తింటివా' అని చక్కగా మాట్లాడే పిల్లవాడు, అదే మాటను ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతోనో తమిళ అక్షరాలతోనో రాస్తున్నాడు. మాట మిగిలి, అక్షరం జారిపోతోంది. చూస్తే కనిపించే అక్షరం, నొక్కితే పడే అక్షరం చేతికింద ఉంటే ఆ జారుడు కొంచెమైనా ఆగుతుంది.

అయితే మనం మోడల్ ఎఫ్ చేసినవాళ్ళంత పెద్ద సాహసం చేయనక్కరలేదు. స్ప్రింగు అచ్చులు, లోహపు పెట్టెలు మనకు వద్దు. మామూలు మంచి కీబోర్డు ఒకటి ఎంచుకుని, దాని మీటల మీది మూతలపై ఇంగ్లీషు అక్షరం పక్కన తెలుగు అక్షరాన్ని లేజరుతో చెక్కిస్తే చాలు. అంటించే స్టిక్కర్లు చవకే, కానీ పిల్లల చేతుల్లో అంచులు లేచి వచ్చేస్తాయి. చెక్కిన అక్షరం నిలుస్తుంది. ఈ పనికి కూడా చెక్కేవాళ్ళు మొదట అడిగేది ఎన్ని అనే.

అందుకే నా మనవి మూడు మాటల్లో.

ఒకటి, ముందు తలలు లెక్కపెడదాం. మదురై ఒక్కటే కాదు, తేని, దిండుక్కల్, విరుదునగర్, కోయంబత్తూరు వైపు సంఘాలనూ అడుగుదాం. ఇప్పుడు ఎవరూ ఒక్క రూపాయి ఇవ్వవద్దు. మీ ఇంటికి ఎన్ని కావాలో చెప్పండి చాలు.

రెండు, ఒక్క నమూనా చేయిద్దాం. దాన్ని తరగతి పిల్లల ముందు పెట్టి, ఏ అక్షరం చిన్నదిగా ఉంది, ఏ ఒత్తు కనిపించడం లేదు అన్నది వాళ్ళనే అడిగి దిద్దుకుందాం.

మూడు, డబ్బు తీసుకునే రోజు వస్తే ఒక్కరి చేతిలో వద్దు. ముగ్గురి పేరుతో ఉంచి, ప్రతి ఖర్చూ అందరికీ కనబడేలా నెలనెలా రాద్దాం. సంఖ్య చేరకపోతే ఎవరిది వాళ్ళకు పైసాతో సహా వెనక్కి.

చెదిరి ఉన్నంతకాలం మనం ఎవరి లెక్కలోనూ లేము. ఎన్ని కావాలో మీ సంఖ్య కింద రాయండి. మా ఇంటికి రెండు, మొదటి లెక్క నాదే.